విద్యార్థి పేజీలో వారానికో సర్క్యూట్ బొమ్మ వెయ్యండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ విద్యార్థి పేజీని వారం వారం కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను కనుక అందులో వచ్చే బిట్ ప్రశ్నలు, మోడల్ పేపర్లు మా పిల్లలకి పనికొస్తాయి. ఆ పేజీలోనే అరకాలమ్ చోటు అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. వారానికి ఒక్క సర్క్యూట్ బొమ్మ చాలు. పిల్లలు ఇంట్లో కూర్చుని, కొద్దిపాటి సామానుతో, తమ చేత్తో చేసుకోగలిగినదై ఉండాలి. ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఒక కేబుల్ సంగతి చెప్పాలి. ఉత్తరం పొడుగవుతుంది, కుదిరినంత మేరకు వేసుకోండి.

మొన్న మా దగ్గర ప్రాక్టికల్ పరీక్షలయ్యాయి. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక కుర్రాణ్ణి "హ్యాండ్‌షేకింగ్ అంటే ఏమిటి?" అని అడిగారు. రెండు యంత్రాలు ఒకదానికొకటి సైగ చేసుకుంటూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అది. వాడు గుక్క తిప్పుకోకుండా నిర్వచనం అప్పజెప్పాడు. మార్కులు పడ్డాయి. బయటికి వచ్చాక నేను అడిగాను: "ఒరే నాన్నా, పంపేవాడు ఇటు, తీసుకునేవాడు అటు, మధ్యలో రెండు తీగలు. ముందు ఏ తీగ కదులుతుంది? ఎవరు కదుపుతారు?" వాడు నేల చూశాడు. తప్పు వాడిది కాదు. మూడేళ్లలో ఆ రెండు తీగలు వాడి చేతికి ఎవరూ ఇవ్వలేదు. రికార్డులో బొమ్మ గీశాడు, అదీ సీనియర్ రికార్డు చూసి.

నా చేతికి ఆ తీగలు వచ్చింది 1999లో, టెక్సస్‌లో. ఎమ్మెస్ చదువుతూ, ఖర్చులకి అక్కడి విశ్వవిద్యాలయం లెక్కల ల్యాబులో సాయంత్రాలు ట్యూటరుగా పనిచేసేదాన్ని. మొదటి ఏడాది కాలిక్యులస్ పిల్లలు వచ్చి కూర్చునేవారు. ఒక్కొక్కరి చేతిలో ఒక గ్రాఫింగ్ కాలిక్యులేటర్. మన పిల్లలు దాన్ని చూసి ఉండరు, మన పరీక్షల్లో దాని అవసరం రాలేదు. అక్కడ హైస్కూల్లోనే కొనిపిస్తారు. హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయిలో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్షకి 1995లో దాన్ని తప్పనిసరి చేశారు. ఎక్కువమంది దగ్గర టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-83 ఉండేది. సమీకరణం కొడితే తెర మీద వక్రరేఖ గీస్తుంది. అంతకంటే ముఖ్యం, దాని మీదే ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. లోపల 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్-80 ప్రాసెసర్, మన రాతకి సుమారు 27 కిలోబైట్ల మెమరీ. నాలుగు సన్న బ్యాటరీలు, వాటికి తోడు మెమరీ పోకుండా కాపాడే చిన్న బిళ్ల బ్యాటరీ ఒకటి.

వచ్చేవాళ్లలో ఒకమ్మాయి రాత్రిళ్లు పెట్రోలు బంకులో పనిచేసేది. గిరాకీ లేని వేళల్లో కౌంటరు వెనక కూర్చుని, ఆ చిన్న మీటలు ఒక్కొక్కటే నొక్కుతూ, సింప్సన్ సూత్రంతో వక్రరేఖ కింది చోటుని ముక్కలుగా కోసి వైశాల్యం కట్టే ప్రోగ్రామ్ రాసుకుంది. అందులో ఎన్ని ముక్కలుగా కోయాలో అడుగుతుంది, సరి సంఖ్య ఇవ్వకపోతే మళ్లీ అడుగుతుంది. నాకు చూపించినప్పుడు ఆ పిల్ల ముఖంలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది. తర్వాతి వారం క్విజ్‌కి ముందు వాళ్ల క్లాసులో అందరి కాలిక్యులేటర్ల మెమరీ తుడిపించారు. కాపీలు కొట్టకుండా చాలాచోట్ల చేసే పనే అది. ఆమె ప్రోగ్రామ్ పోయింది. కాగితం మీద సగమే రాసి ఉంది. మళ్లీ మొదటి నుంచీ కొట్టుకుంది.

ఇలా పోకుండా ఉండాలంటే కాలిక్యులేటర్‌లోని ప్రోగ్రామ్‌ని కంప్యూటర్లోకి తీసి దాచుకోవాలి. కంపెనీ వాళ్ల కేబుల్ ఉంది, కొనాలి. ఆమె దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. అయితే ఇంట్లో చేసుకునే కేబుల్ బొమ్మ అప్పటికే విద్యార్థుల చేతులు మారుతూ తిరుగుతోంది. నా క్లాసుమేటు దగ్గర దాని జిరాక్సు దొరికింది. చూస్తే ఒక ప్లగ్గు, కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు రెండు, కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే 25 పిన్నుల కనెక్టరు. అంతే! రేడియో మెకానిక్ కూతురికి ఆ బొమ్మ చూస్తే చెయ్యి ఆగుతుందా?

నాన్నది రాజమండ్రి దేవీచౌక్ దగ్గర రేడియో రిపేరు కొట్టు. పదేళ్లు నిండకుండానే నాచేత టంకం పట్టించారు. "ముందు తీగకి టంకం తాగించు, తర్వాత పిన్నుకి తాగించు, అప్పుడు రెండూ కలుపు. రెండూ ఒకేసారి చెయ్యబోతే డ్రై జాయింట్ వస్తుంది, పైకి అతికినట్టుంటుంది గానీ కరెంటు సరిగ్గా పారదు" అనేవారు. ఆ మాటలు గుర్తు తెచ్చుకుంటూ రేడియో షాక్ దుకాణానికి వెళ్లాను. ఆ రోజుల్లో ఆ దేశంలో ఏ ఊళ్లోనైనా ఆ దుకాణం ఉండేది. సొరుగుల్లో విడి రెసిస్టర్లు, డయోడ్లు, ప్లగ్గులు పొట్లాలు కట్టి ఉండేవి. కనెక్టరు, డయోడ్ల పొట్లం ఒకటి, సన్న టంకం చుట్ట కొన్నాను.

ప్లగ్గు మాత్రం కొనక్కర్లేకపోయింది. కాలిక్యులేటర్ అడుగున ఉండే రంధ్రం 2.5 మిల్లీమీటర్లది, వాక్‌మన్ ఇయర్‌ఫోన్ ప్లగ్గు 3.5 కాబట్టి పట్టదు. కానీ టీఐ-83తో పాటు డబ్బాలోనే ఒక కాలిక్యులేటర్‌కి ఇంకో కాలిక్యులేటర్ కలిపే పొట్టి తీగ వస్తుంది. ఆ అమ్మాయి తన తీగ తెచ్చి "కోసెయ్యండి" అంది. మధ్యకి కోసి తోలు ఒలిస్తే లోపల ఎర్ర తీగ, తెల్ల తీగ, వాటి చుట్టూ పేనిన రాగి పోగులు. ఆ రాగి గ్రౌండ్. మాట్లాడేవి ఎర్రది, తెల్లది.

అవి మాట్లాడే పద్ధతి నేను అంతవరకూ చదివిన ఏ పుస్తకంలోనూ అంత అందంగా చూడలేదు. ఊరికే ఉన్నప్పుడు రెండు తీగలూ పైన, అంటే 5 వోల్టుల దగ్గర ఉంటాయి. ఏ సమాచారమైనా సున్నాలు, ఒకట్ల వరసగానే వెళుతుంది; అందులో ఒక్కొక్క అంకె ఒక బిట్. పంపేవాడు సున్నా పంపాలంటే ఎర్ర తీగని కిందికి లాగుతాడు. తీసుకునేవాడు "చూశాను" అని చెప్పడానికి తెల్ల తీగని కిందికి లాగుతాడు. అది చూసి పంపేవాడు ఎర్రదాన్ని వదిలేస్తాడు. అది పైకి లేవడం చూసి తీసుకునేవాడు తెల్లదాన్ని వదిలేస్తాడు. ఒక బిట్ చేరింది. ఒకటి పంపాలంటే ఇదే వరస, తీగలు తారుమారు. ఇలా ఎనిమిది బిట్లయితే ఒక బైట్. చిన్న స్థానం బిట్ ముందు వెళుతుంది.

ఇందులో గడియారం లేదు. "సెకనుకి ఇన్ని బిట్లు" అని ముందుగా ఒప్పందం లేదు. మా అమ్మమ్మ వాళ్లింట్లో ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు జంట పోటు వేసి దంచేవారు. ఒకరి రోకలి లేస్తేనే ఇంకొకరిది పడుతుంది. చెయ్యి నెప్పి పుట్టి ఒకరు నెమ్మదిస్తే రెండోవారు తమంతట తామే నెమ్మదిస్తారు. ఈ కేబుల్ మీద అదే జరుగుతుంది. కంప్యూటర్ ఎంత వేగమైనదైనా చిన్న కాలిక్యులేటర్ జవాబు చెప్పేదాకా ఆగుతుంది. హ్యాండ్‌షేకింగ్ అంటే ఇదే. మా కుర్రాడు వైవాలో అప్పజెప్పిన నిర్వచనంలో ఈ ఆగడం లేదు.

డయోడ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడే నాలుగు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను. ప్రింటర్ పోర్టులో 2, 3 పిన్నులు కంప్యూటర్ రాసేవి. 12, 13 పిన్నులు కంప్యూటర్ చదివేవి. 18 నుంచి 25 దాకా గ్రౌండ్. రాసే పిన్ను నుంచి నేరుగా తీగ వేస్తే చిక్కు వస్తుంది. ఆ పిన్ను "పైన" ఉన్నప్పుడు గట్టిగా పైకి తోస్తూ ఉంటుంది. అప్పుడు కాలిక్యులేటర్ అదే తీగని కిందికి లాగాలంటే రెండూ పోట్లాడతాయి. మధ్యలో డయోడ్ పెడితే పోర్టు కిందికి మాత్రమే లాగగలదు, పైకి తొయ్యలేదు. పైకి లేపే పని కాలిక్యులేటర్ లోపలి రెసిస్టర్ చూసుకుంటుంది. కంప్యూటర్‌కి ఉండే ఇంకో పోర్టు, సీరియల్ పోర్టుతోనూ ఇలాంటి కేబుల్ చేస్తారు గానీ దాని మీద రుణ వోల్టేజీ కూడా వస్తుంది, ఇంకా జాగ్రత్త కావాలి. ప్రింటర్ పోర్టు 5 వోల్టులదే కనుక నాకు అది మేలనిపించింది.

ఐదు పిన్నులకీ టంకం వేశాను. మల్టీమీటర్ బీప్ పెట్టి ఒక్కొక్క జాయింటూ చూసుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాలిక్యులేటర్‌లో లింక్ మెనూకి వెళ్లి ప్రోగ్రామ్ ఎంచి పంపించాను. తెర మూల బిజీ గీత కాసేపు కదిలింది. తర్వాత "ఎర్రర్ ఇన్ ఎక్స్‌మిట్". మళ్లీ పంపాను, మళ్లీ అదే. ఐదోసారి చిన్న ప్రోగ్రామ్ ఒకటి వెళ్లింది. ఆరోసారి అదే ప్రోగ్రామ్ వెళ్లలేదు. ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యని వస్తువంత కష్టపెట్టేది ఇంకోటి లేదని రిపేరు పని చేసిన ఎవరినడిగినా చెబుతారు.

ల్యాబులో పాత విండోస్ 98 కంప్యూటర్ ఉండేది. అందులో డీబగ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి "ఓ 378 3" అని కొడితే రాసే పిన్నులు రెండూ పైకి లేస్తాయి. "ఓ 378 2" అని కొడితే ఒకటి కిందికి దిగుతుంది. "ఐ 379" అంటే చదివే పిన్నులు ఎలా ఉన్నాయో చెబుతుంది. అలా ఒక తీగని కిందికి దింపి ఉంచి మీటరు పెట్టి చూశాను. సున్నా వోల్టుల దగ్గర ఉండాల్సిన తీగ 0.7 దగ్గర నిలబడింది. సిలికాన్ డయోడ్ తన వంతు తాను తినేస్తోంది. ఈ రకం సర్క్యూట్లలో 0.8 వోల్టుల లోపు ఉంటేనే "కింద" అని లెక్క. మన తీగ గట్టు అంచున నిలబడి ఉంది. కాస్త గాలి వీస్తే అటు, లేకపోతే ఇటు. తప్పు ఎక్కడుందో తెలిసింది. ఏం చెయ్యాలో తోచలేదు.

శనివారం రాత్రి, అంటే మనకి ఆదివారం పొద్దున, ఇంటికి ఫోన్ చేసే వేళ. కాలింగ్ కార్డు మీద నిమిషాలు చూసుకుంటూ మాట్లాడేవాళ్లం. అమ్మతో మాట్లాడాక నాన్నకి ఈ సంగతి చెప్పాను. కంప్యూటర్ ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. అంతా విని ఒకటే అడిగారు: "డయోడ్ ఏంటమ్మా, సిలికానా?" అవునన్నాను. "మన ట్రాన్సిస్టర్ రేడియోలో డిటెక్టర్‌కి సిలికాన్ వేస్తానా నేను? ఓఏ-79 వేస్తాను. జెర్మేనియం. సన్నటి సిగ్నల్‌ని తినెయ్యదు. అక్కడ దొరుకుతుందేమో చూడు."

అవును కదా! స్టేషన్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ సిలికాన్ డయోడ్‌ని దాటలేదు కనుకే రేడియోలో జెర్మేనియం వేస్తారు. డిగ్రీలో చదివాను, పరీక్షలో రాశాను, పట్టా పుచ్చుకున్నాను. ఆ చదివినదాన్ని ఈ తీగ దగ్గరికి తీసుకొచ్చింది పదో తరగతి దాటని నాన్న. సోమవారం మళ్లీ రేడియో షాక్‌కి వెళ్లి జెర్మేనియం డయోడ్లు, 1ఎన్34 రకంవి, తెచ్చాను. గాజు గొట్టంలో ఉంటాయి, ఎక్కువసేపు కాలిస్తే పాడవుతాయి. నాన్న చేసినట్టే డయోడ్ కాలుని చిన్న శ్రావణంతో పట్టుకుని, ఆ ఇనుము వేడి లాక్కునేలా చూసుకుంటూ టంకం వేశాను. మళ్లీ మీటరు పెట్టాను. పావు వోల్టు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి పక్కన నిలబడి ఉండగా ప్రోగ్రామ్ పంపాను. బిజీ గీత కదిలింది, ఆగింది, "డన్" అని వచ్చింది. కంప్యూటర్ తెర మీద ఆమె రాసిన వరసలు, ఆమె పెట్టిన చలరాశుల పేర్లతో సహా ఉన్నాయి. ఆమె ఫ్లాపీలో ఒక కాపీ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని బంకుకి వెళ్లిపోయింది. ఆ సెమిస్టరులో ఇంకో పదకొండు మంది పిల్లలు వచ్చి ఆ కేబుల్ వాడుకున్నారు, అందులో నలుగురు సొంతంగా చేసుకున్నారు. ఒకతను ఎర్రదీ తెల్లదీ మార్చి కలిపాడు. ప్రతి సున్నా ఒకటిగా, ప్రతి ఒకటీ సున్నాగా వెళ్లి ఏదీ అర్థం కాని చెత్త వచ్చింది. దాన్ని తనే కనిపెట్టి తనే మార్చుకున్నాడు.

డేటా పంపిన ప్రతి మూటకీ (ప్యాకెట్‌కి) చివర చెక్‌సమ్ ఉంటుంది. లోపలి బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తంలో చివరి 16 బిట్లు అది. తీసుకున్నవాడు తానూ కూడి చూస్తాడు. సరిపోతే "అందింది" అని 56 పంపుతాడు, సరిపోకపోతే "మళ్లీ పంపు" అని 5ఏ పంపుతాడు. ఇవి పదహారు ఆధారంగా రాసే అంకెలు. ఉప్పులు పప్పులు చీటీ చూసి లెక్క సరిచూసుకునే ఇంట్లో పెరిగిన పిల్లలకి ఇది చెబితే అరనిమిషంలో అర్థమవుతుంది.

ఈ కాలిక్యులేటర్లకి తీగ తగిలించే రంధ్రం మొదట వచ్చింది 1992లో, టీఐ-85కి. ఆ కేబుల్‌తో విద్యార్థులు ఎంత దూరం వెళ్లారో చెబితే మన పిల్లలకి నోరూరాలి. టీఐ-85లో మెషీన్ కోడ్, అంటే ప్రాసెసర్‌కి నేరుగా అర్థమయ్యే ఆదేశాలు, నడపడానికి కంపెనీ దారి ఇవ్వలేదు. పిల్లలు మొత్తం మెమరీని కేబుల్ మీదుగా కంప్యూటర్లోకి బ్యాకప్ తీశారు, అందులో కస్టమ్ మెనూకి (వాడేవారు తమకి కావలసినవి పెట్టుకునే మెనూకి) సంబంధించిన చోటు మార్చారు, మళ్లీ కాలిక్యులేటర్‌లోకి ఎక్కించారు. అలా 1994లో జడ్‌షెల్ అనే ప్రోగ్రామ్ పుట్టింది. మెషీన్ కోడ్‌లో రాసిన ఆటలు ఆ చిన్న తెర మీద పరిగెత్తాయి. కొన్నేళ్లకి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్లోనే ఈ ఇంటి కేబుల్ కోసం టిపార్ అనే డ్రైవర్ చేరింది. ఇదంతా పాఠశాల, కాలేజీ పిల్లల పని, టంకం పొగ పీల్చిన పిల్లల పని.

నేను టెక్సస్‌లో ఉండగానే, 2000లో, జాక్ కిల్బీకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. డాలస్‌లో ఆ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోనే 1958 సెప్టెంబరు 12న ఆయన మొట్టమొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే ఇప్పుడు మనం చిప్ అనేదాన్ని, నడిపి చూపించారు. అది జెర్మేనియం ముక్క మీద చేసినది. భాగాలని కలిపిన సన్న బంగారు తీగలు పైన విల్లులా వంగి ఫొటోలో కనిపిస్తాయి, చేత్తో అతికించిన తీగలు. ఆ వార్త నాన్నకి ఫోన్‌లో చదివి వినిపిస్తే "జెర్మేనియమా!" అన్నారు. నాన్న 2011లో పోయారు. ఆయన ఓఏ-79 డయోడ్ల డబ్బా నా దగ్గరే ఉంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ప్రింటర్ పోర్టు లేదు, కాలిక్యులేటర్లు కూడా యూఎస్‌బీకి మారాయి. అందుకని ఆ కేబుల్‌ని ఉన్నదున్నట్టు చెయ్యమని నేను అడగడం లేదు. పోయిన ఏడాది మా ల్యాబులో ఇద్దరేసి పిల్లలకి రెండు ఆర్డ్యునో బోర్డులు (మనం ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు) ఇచ్చి, మధ్య రెండు తీగలు, ఒక గ్రౌండ్ ఇచ్చాను. వరస పైన చెప్పినదే. పిన్నుని లోపలి పుల్‌-అప్‌తో (తీగని పైకి లేపి ఉంచే రెసిస్టర్‌తో) ఇన్‌పుట్‌గా వదిలేస్తే తీగ పైకి లేస్తుంది, అవుట్‌పుట్ చేసి సున్నా పెడితే కిందికి దిగుతుంది. డయోడ్ అక్కర్లేదు. ముందు చేత్తో ఆడించమన్నాను: ఒక్కొక్కరి దగ్గర ఒక స్విచ్చి, ఒక ఎల్‌ఈడీ. "నువ్వు నొక్కు, అది చూసి నేను నొక్కుతాను, నువ్వు వదులు, నేను వదులుతాను." అలా బిట్టు బిట్టుగా "అమ్మ" అనే మాట కోడ్ పంపడానికి వాళ్లకి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ల్యాబులో ఎవరూ ఫోన్ తీయలేదు.

దీనికి అడ్డు చెప్పినవాళ్లున్నారు. ఒక తండ్రి వచ్చి "మావాడు సాఫ్ట్‌వేర్‌కి వెళతాడండీ, ఈ టంకాలు ఎందుకు, చెయ్యి కాలితే?" అన్నారు. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో దీని గురించి ప్రశ్న రాదని మా పైవాళ్లు అన్నారు. ఆ తండ్రి భయం నాకు అర్థమవుతుంది, ఫీజు కట్టడానికి ఆయన ఎంత కష్టపడుతున్నారో తెలుసు. కానీ సాఫ్ట్‌వేర్ రాసే పిల్లవాడికే ఇది ఎక్కువ కావాలి. రెండు వైపులా ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఉండిపోతే ప్రోగ్రామ్ ఎలా గడ్డకట్టిపోతుందో వాడు తన వేళ్లతో తెలుసుకుంటాడు. ప్రాక్టికల్ సిలబస్ నా చేతిలో లేదు. మీ పేజీ మీ చేతిలో ఉంది. మా పిల్లల్లో చాలామంది ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. వాళ్ల ఇళ్లకి టీ కొట్టు మీదుగానైనా మీ పేపరు వెళుతుంది. బిట్ ప్రశ్నల పక్కన ఒక సర్క్యూట్ బొమ్మ కనబడితే, ఏ ఊళ్లోనో మిగిలిన ఒక రేడియో మెకానిక్ దగ్గరికి ఒక పిల్ల ఆ కాగితం పట్టుకుని వెళుతుంది. ఆయన దగ్గర టంకం ఇనుము వేడిగానే ఉంటుంది.

మొదటి బొమ్మలు రెండు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకటి ఆర్డ్యునో, స్విచ్చిలతో చేసేది. రెండోది పాత కంప్యూటర్ ఇంకా ఉన్నవాళ్ల కోసం నా 1999 నాటి కేబుల్. పారితోషికం అక్కర్లేదు. ఆ తర్వాత వారం వారం పంపగలను, మా సహాధ్యాపకులు కూడా ఇస్తామన్నారు. ఒక్క మనవి. రెండో బొమ్మలో డయోడ్ మీద గీత ఉన్న వైపు పోర్టు పిన్నుకి ఉండాలి, గీత లేని వైపు కాలిక్యులేటర్ తీగకి. పేజీ పెట్టేటప్పుడు బొమ్మ తిరగబడకుండా చూడమని మీ ఆర్టిస్టు గారికి చెప్పండి. కనెక్టరు పిన్నుల అంకెలు నేను టంకం వేసే వైపు నుంచి చూసి రాశాను. ఆ మాట బొమ్మ కిందే అచ్చవ్వాలి, లేకపోతే పిల్లలు ముందు వైపు నుంచి లెక్కపెట్టి తప్పు పిన్నుకి టంకం వేస్తారు.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకురాలు,
కాకినాడ